బైకు ప్రమాదం తరువాత తమ్ముడికి బైపోలార్ అన్నారు: ఇది తల గాయం వల్ల వచ్చిందా, వంశంలోనే ఉందా?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి ఒక అక్క)

అందరికీ నమస్కారం. నా తమ్ముడి వయసు ఇప్పుడు 29 సంవత్సరాలు. 2021 ఫిబ్రవరిలో వాడికి పెళ్లి చేశాము. 2022 జూలైలో ఒక రాత్రి వానలో సూర్యాపేట వైపు నుంచి బైకు మీద ఇంటికి వస్తూ, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని గుద్దాడు. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది, తలకు లేదు. నాలుగు రోజులు స్పృహ రాలేదు. నుదుటి వెనక, కుడి కణత దగ్గర మెదడుకు దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టిందని చెప్పి, ఆపరేషన్ చేయకుండా మందులతోనే నయం చేసి, 19వ రోజున ఇంటికి పంపారు. ఆ తరువాత ఆరేడు నెలలకు మళ్లీ తన సెల్‌ఫోన్ రిపేరు దుకాణం తెరిచాడు. కొంచెం మతిమరుపు, కొంచెం చిరాకు తప్ప వాడు మామూలు మనిషయ్యాడని మేమందరం సంతోషించాము.

2023 మార్చిలో వాడికి నిద్ర లేకుండా పోయింది. తెల్లవారుజామున మూడు గంటలకు దుకాణం తెరవడం, ఎదుటివారిని మాట్లాడనివ్వకుండా గంటల తరబడి మాట్లాడటం, నాలుగు ఊళ్లలో శాఖలు పెడతానని రెండున్నర లక్షలు అప్పు చేసి సరుకు తెప్పించడం, వద్దన్న నాన్న మీద చెయ్యి ఎత్తడం, ఇవన్నీ రెండు వారాల్లో జరిగిపోయాయి. ఆసుపత్రిలో చేర్చి మందులు ఇప్పిస్తే తగ్గింది. అదే సంవత్సరం ఆగస్టు నుంచి మూడు నెలలు మంచం దిగలేదు, అన్నం సయించలేదు. మళ్లీ 2024 మేలో మొదటిసారి వచ్చినట్లే వచ్చింది.

ఒక డాక్టరు గారు ఇది బైపోలార్ డిజార్డర్, అంటే ఉద్రేక దశలు, కుంగుబాటు దశలు మార్చి మార్చి వచ్చే జబ్బు అన్నారు. మరొకరు కాగితం మీద తల గాయం వల్ల కలిగిన మానసిక మార్పు అని రాశారు. మా మేనమామ ఒకరు ఏడాదిలో కొన్నాళ్లు గదిలోంచి బయటకు రాకుండా, మరికొన్నాళ్లు ఊరంతా తనదే అన్నట్లు తిరుగుతూ ఉండేవారు. ఆ సంగతి తెలిసిన మా మరదలి పుట్టింటివారు ఇప్పుడు, జబ్బు దాచి పెళ్లి చేశారని అంటూ అమ్మాయిని తీసుకువెళ్లారు. అమ్మ మాత్రం ప్రమాదంలో మెదడు కదిలింది, అంతే, మందులు మానేస్తే అదే సర్దుకుంటుంది అంటుంది. ప్రమాదం జరిగినప్పటి నుంచి ఫిట్స్ రాకుండా ఇచ్చిన లెవెటిరాసెటామ్ మాత్ర కూడా రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నాడు. ఇంతవరకు వాడికి ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

ఈ ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట సరైనది? రెండింటికీ వైద్యం వేరా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత మానసిక వైద్యుడు, విశాఖపట్నం)

అమ్మా, మీరు తేదీలతో సహా రాసినందువల్ల నా పని సులువైంది. తమ్ముడిని నేను చూడలేదు కనుక ఇక్కడ రాసేదాన్ని రోగనిర్ణయంగా తీసుకోకుండా, మీ డాక్టరు గారిని ఏమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

ఆ ఇద్దరి మాటలూ సరైనవే కావచ్చు. ఒకరు కనిపించే రూపానికి పేరు పెట్టారు, మరొకరు కారణానికి పేరు పెట్టారు. ఏదైనా శరీర వ్యాధి వల్ల గాని, గాయం వల్ల గాని వచ్చే ఉద్రేక దశను (మేనియాను) ద్వితీయ మేనియా అని 1978 నుంచి వైద్య గ్రంథాలలో వేరుగా చెబుతున్నారు. నేడు వాడుకలో ఉన్న రోగనిర్ణయ సూచికలలో కూడా మరొక శరీర కారణం వల్ల కలిగిన బైపోలార్ రుగ్మతకు వేరే స్థానం ఉంది. 1993లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో తల గాయమైన 66 మందిని ఏడాదిపాటు గమనిస్తే, ఆరుగురికి మేనియా వచ్చింది. మేనియా వచ్చినవారిలో కణత వెనక ఉండే టెంపోరల్ భాగపు అడుగున దెబ్బ ఎక్కువగా కనిపించింది. గాయం ఎంత తీవ్రమైనదన్న దానితో గాని, కుటుంబంలో మానసిక వ్యాధి ఉండటంతో గాని సంబంధం కనిపించలేదు. నుదుటి వెనక అడుగు భాగం, కణత వెనక భాగం మన ఆవేశానికి పగ్గం పట్టే చోట్లు. అందులోనూ కుడివైపు దెబ్బకు మేనియాతో సంబంధం ఉన్నట్లు పలువురు పరిశోధకులు గుర్తించారు. మీ తమ్ముడి దెబ్బ అక్కడే ఉందని మీరు రాశారు.

ఇక మేనమామ సంగతి. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడి ఆసుపత్రి వివరాలూ నమోదవుతాయి. 1977, 2000 సంవత్సరాల మధ్య పుట్టినవారిలో తల గాయంతో ఆసుపత్రికి వచ్చిన 1,13,906 మంది వివరాలను పరిశీలించి 2014లో ఒక నివేదిక ప్రచురించారు. తల గాయం లేనివారితో పోలిస్తే వారిలో బైపోలార్ వచ్చే అవకాశం 28 శాతం, కుంగుబాటు వచ్చే అవకాశం 59 శాతం ఎక్కువగా ఉంది. కుటుంబ చరిత్రను, మూర్ఛవ్యాధిని, కాళ్లూ చేతులూ విరిగిన ప్రమాదాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. 11 నుంచి 15 ఏళ్ల వయసులో దెబ్బ తగిలినవారికి ప్రమాదం మరింత ఎక్కువ. అయితే 28 శాతం ఎక్కువ అంటే నూటికి 28 మందికి జబ్బు వస్తుందని అర్థం కాదు. అసలే నూటికి ఒకరిద్దరికి వచ్చే జబ్బు ఇంకొంచెం పెరుగుతుంది, అంతే. తల గాయమైన వారిలో చాలామందికి బైపోలార్ రాదు. కాబట్టి మేనమామ వైపు నుంచి వచ్చిన గుణం కొంత, గాయం కొంత కలిసి పని చేసి ఉండవచ్చు. ఒక మనిషిలో ఈ రెండింటినీ తూకం వేసి ఇంత శాతం ఇది, ఇంత శాతం అది అని చెప్పగల పరీక్ష ఏదీ లేదు. అలా చెప్పేవారు ఎవరైనా ఉంటే నమ్మకండి.

అయినా కారణం తెలుసుకోవడం వృథా కాదు. తల గాయమైన వారికి వచ్చే కోపమంతా మేనియా కాదు. నుదుటి వెనక మెదడు దెబ్బతిన్నవారికి చిరాకు రోజూ ఉంటుంది, ఏదో ఒక మాటకో చప్పుడుకో భగ్గుమంటుంది, పది నిమిషాల్లో చల్లారుతుంది. మేనియా అలా కాదు, రోజుల తరబడి, వారాల తరబడి ఎడతెగకుండా సాగుతుంది. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర లేకపోవడం వేరు. రెండు గంటలు పడుకుని లేచినా అలసట లేకుండా తిరుగుతున్నాడంటే అది మేనియాకు గట్టి గుర్తు. కొందరు గాయపడినవారు కారణం లేకుండా క్షణాల్లో ఏడ్చి క్షణాల్లో నవ్వుతారు, అది ఇంకొక సమస్య. టెంపోరల్ భాగంలో పుట్టే మూర్ఛ కూడా కొన్నిసార్లు కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా, ప్రవర్తనలో మార్పుగా మాత్రమే కనిపిస్తుంది. అందుకే మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష, ప్రమాదం నాటిది కాకుండా కొత్తగా తీసిన ఎంఆర్ఐ, థైరాయిడ్ పరీక్ష ఇంతవరకు చేయించకపోతే అడగండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం ఫిట్స్ మాత్ర గురించినది. లెవెటిరాసెటామ్ మంచి మందే, కాని అది కొందరిలో చిరాకును, కోపాన్ని, కుంగుబాటును పెంచుతుందన్నది అందరికీ తెలిసిన విషయం, ముందే మానసిక ఇబ్బంది ఉన్నవారిలో మరీ ఎక్కువ. తల గాయమైన మొదటి వారంలో ఫిట్స్ రాకుండా ముందుజాగ్రత్తగా మందు ఇవ్వడం సరైన పద్ధతి. ఒక్క ఫిట్టు కూడా రానివారికి దాన్ని ఏళ్ల తరబడి ఇవ్వడం వల్ల తరువాత వచ్చే మూర్ఛ ఆగుతుందనడానికి ఆధారం లేదు. మన దగ్గర డిశ్చార్జి కాగితంలో రాసిన మాత్రను ఎవరూ ఆపమనకపోవడం వల్ల ఏళ్ల తరబడి వేసుకునేవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను. అయితే దాన్ని మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. న్యూరాలజిస్టు, మానసిక వైద్యుడు మాట్లాడుకుని, అవసరమనుకుంటే మెల్లగా తగ్గించాలి లేదా మార్చాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు ఫిట్స్‌నూ, మేనియానూ రెంటినీ అదుపు చేస్తుంది కనుక ఇలాంటి చోట చాలామంది దానివైపు చూస్తారు. కాని కాలేయాన్ని, నెత్తురులోని ప్లేట్‌లెట్లను, బరువును గమనిస్తూ ఉండాలి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలకు దాన్ని సాధ్యమైనంతవరకు ఇవ్వరు.

1949లో మేనియాకు పనిచేస్తుందని కనుగొన్న లిథియం నేటికీ ఎంతో విలువైన మందు. గాయమైన మెదడు మాత్రం దాన్ని తక్కువ మోతాదులోనే తట్టుకోలేకపోవచ్చు, వణుకు, మాట తడబాటు, అయోమయం త్వరగా కనిపించవచ్చు. కుంగుబాటు దశలో మూడ్‌ను నిలిపే మందు లేకుండా డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే, బైపోలార్ ఉన్నవారు ఉద్రేక దశలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత మేనియా సంగతి ముందుగా చెప్పండి. మందులు మానేస్తే సర్దుకుంటుందన్న అమ్మగారి మాట ఆశతో అన్నదే, కాని రెండు మేనియాలు, ఒక కుంగుబాటు వచ్చిన తరువాత ఆ ఆశను మందులు ఆపడానికి వాడుకోకూడదు.

ఒక్క విషయం మొహమాటం లేకుండా రాస్తాను. కుంగుబాటు మూడు నెలలు ఉందన్నారు. అలాంటి రోజుల్లో ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రల నిల్వ తాళంలో ఉంచండి, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారు తెలుగులో మాట్లాడతారు.

జవాబు 2 (జగిత్యాల జిల్లా, గతంలో గల్ఫ్‌లో సైటు సూపర్‌వైజరు)

అక్కా, మీ తమ్ముడి స్థానంలో ఉన్నవాడిగా రాస్తున్నాను. నేను 2014లో ఒక కట్టడం పని జరిగే చోట మంచె మీద నుంచి పడ్డాను. టోపీ ఊడిపోయి తల ఇనుప పైపుకు తగిలింది. కంపెనీ వారు ఎముకలు అతికే వరకు చూసి విమానం ఎక్కించారు, నా తలలో ఏమి జరిగిందో చెప్పే కాగితం ఒక్కటి కూడా చేతికి ఇవ్వలేదు. ఏడాదిన్నర తరువాత నాకు మొదటి మేనియా వచ్చినప్పుడు, నాకు ఇదంతా గాలి సోకడం వల్లే అని తేల్చి, మా వాళ్లు నాకు తాయెత్తు కట్టించి రెండు నెలలు గడిపారు. ఆ రెండు నెలల్లో నేను అమ్మిన అర ఎకరం మళ్లీ రాలేదు.

డాక్టరు గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. నాకు ఇది బైపోలారా, గాయమా అన్నది ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, నేనూ అడగడం మానేశాను. నాకు అక్కరకు వచ్చింది నిద్ర లెక్క. గోడ కేలండరు మీద నా భార్య ప్రతి ఉదయం నేను ఎన్ని గంటలు పడుకున్నానో రాస్తుంది. వరుసగా రెండు రాత్రులు ఐదు గంటల కంటే తగ్గితే నా మాట వినకుండా డాక్టరుకు ఫోన్ చేయాలని, నేను బాగున్న రోజున నేనే ఆమెకు చెప్పి ఉంచాను. ఏటీఎం కార్డు, భూమి కాగితాలు ఆమె దగ్గరే ఉంటాయి. మొదట్లో అది నాకు అవమానంగా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు, ఎందుకంటే ఆ ఏర్పాటు చేసింది నేనే.

తల దెబ్బ తగిలిన మాలాంటి వారికి ఇంకొక ఇబ్బంది ఉంది, అది మందుల కాగితంలో రాదు. మాకు మతిమరుపు ఉంటుంది. పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండక రెండోసారి వేసుకున్న రోజులు నాకు ఉన్నాయి. వారానికి సరిపడా గదులున్న డబ్బా కొనుక్కున్నాక ఆ భయం పోయింది. నేను వాడేది లిథియం. ఒక మే నెలలో ఎండకు చెమటలు పట్టి, విరేచనాలు కూడా పట్టుకుని, మోకాలి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వాడితే, నాలుగో రోజుకు చేతులు వణికి నడక తూలింది. నెత్తురు పరీక్షలో లిథియం స్థాయి రెట్టింపయింది. ఒంట్లో నీరు తగ్గినా, ఆ రకం నొప్పి మాత్రలు వాడినా లిథియం ఒంట్లో పేరుకుంటుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. మీ తమ్ముడికి ఎప్పుడైనా ఆ మందు మొదలుపెడితే ఈ మాట గుర్తుంచుకోండి.

మరదలి మీద కోపం పెంచుకోకండి అక్కా. మేనియాలో ఉన్నవాడి పక్కన ఇంట్లో ఉండటం ఎంత భయమో నా భార్య నాకు తరువాత చెప్పింది. ఆమెను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, ఆమె అడగదలచినవన్నీ అడగనివ్వండి, ఆ సమయంలో మీరెవరూ గదిలో ఉండకండి.

జవాబు 3 (న్యాయవాది, వరంగల్)

జబ్బు దాచి పెళ్లి చేశారన్న మాట వచ్చింది కనుక రాస్తున్నాను. హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చెల్లదని కోరాలంటే పెళ్లి నాటికే ఆ స్థితి ఉన్నట్లు చూపాలి. మీరు రాసిన ప్రకారం పెళ్లి 2021లో, ప్రమాదం 2022లో, మొదటి దశ 2023లో. మేనమామకు జబ్బు ఉండటం వరుడికి జబ్బు ఉండటం కాదు. ఇక విడాకుల విషయంలో, మానసిక వ్యాధి పేరు ఒక్కటి చాలదని, కలిసి జీవించడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. అంటే మీ ఇంట్లో ఏ పేరు కోసం ఇంత వాదన జరుగుతోందో, కోర్టు ఆ పేరుకు మీరు అనుకున్నంత విలువ ఇవ్వదు.

ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో కేసు వేశారో లేదో మీరు రాయలేదు. వేసి ఉంటే, గాయం తరువాత వచ్చిన మానసిక వ్యాధి గురించి డాక్టరు అభిప్రాయం అందులో చేర్చమని మీ వకీలును అడగండి. వైకల్యం ఎంత శాతం అన్నదానికంటే ఆ మనిషి చేసే పనికి, సంపాదనకు కలిగిన నష్టం ఎంత అన్నది చూడాలని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. సెల్‌ఫోన్ రిపేరు చేసే మనిషికి ఏకాగ్రత పోవడం అంటే చెయ్యి పోవడంతో సమానం.

ఇక్కడే ఒక హెచ్చరిక. పరిహారం కేసులో జబ్బు ఎంత పెద్దదని చెబితే అంత మేలని, కాపురం విషయంలో ఎంత చిన్నదని చెబితే అంత మేలని కుటుంబాలకు అనిపిస్తుంది. ఆ రెండు చోట్లకూ వెళ్లేవి ఒకే ఆసుపత్రి కాగితాలు. రెండు రకాలుగా చెప్పినవారు రెండు చోట్లా నష్టపోవడం నేను చూశాను. ఉన్నది ఉన్నట్లు రాయించండి. మానసిక ఆరోగ్య చట్టం 2017లోని 21వ సెక్షను ప్రకారం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా వర్తించాలి, కాబట్టి బీమా ఉంటే ఆ సంగతీ విచారించండి.

ప్రశ్న అడిగిన అక్క

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాత కాగితాలన్నీ ముందు వేసుకుని తేదీల వారీగా రాశాను. లెవెటిరాసెటామ్ మోతాదును 2023 ఫిబ్రవరి చివర, తలనొప్పి ఉందని చెబితే, రెట్టింపు చేశారు. ఆ తరువాత మూడు వారాలకు మొదటిసారి వచ్చింది. ఇది చదివి నాకు ఒళ్లు జలదరించింది. అయితే 2024 మేలో మోతాదు మారలేదు. అంతకు ముందు వారం చుట్టాల పెళ్లిళ్లలో వీడియోలు తీస్తానని వరుసగా మూడు రాత్రులు మేలుకున్నాడు. అంటే రెండింటికీ రెండు కారణాలా? ఈఈజీ ఇంతవరకు ఎవరూ తీయించలేదు. వచ్చే గురువారం నరాల డాక్టరు దగ్గరికి, ఆ సాయంత్రమే మానసిక వైద్యుడి దగ్గరికి వెళుతున్నాము. మరదలికి ఫోన్ చేశాను. గురువారం తానూ వస్తానంది.

జవాబు 1 రాసిన వైద్యుడు

మోతాదు పెరిగిన తేదీ చాలా ముఖ్యమైనది, కాని దాని మీదే భారమంతా వేయకండి. మేనియాకు మొగ్గు ఉన్న మెదడును మందు కదిలించవచ్చు, నిద్రలేమి కదిలించవచ్చు, ఒక్కోసారి ఏదీ లేకుండానే కదలవచ్చు. ఆ తేదీల కాగితాన్ని రెండు నకళ్లు తీసి ఇద్దరు డాక్టర్లకూ చెరొకటి ఇవ్వండి, మాత్రల పేర్లతో పాటు మోతాదులు కూడా అందులో రాయండి. ఈఈజీని నిద్రలో కూడా తీయమని అడగండి, టెంపోరల్ మూర్ఛ మెలకువలో తీసిన పరీక్షలో దొరకకపోవచ్చు. అయితే కొన్నిచోట్ల అందుకోసం ముందు రాత్రి మేలుకుని రమ్మంటారు. మీ తమ్ముడికి అది తగదు. వరుసగా రాత్రులు నిద్ర లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఆ మాట పరీక్ష చేసేవారికి ముందుగానే చెప్పి, వేరే పద్ధతిలో నిద్రపుచ్చి తీయగలరేమో కనుక్కోండి.